త్రికచాలి: ఒక మాట, ఒక గుర్రం

గద్వాల కోట కట్టించిన సోమనాద్రిని గురించి నడిగడ్డలో చెప్పుకునే కథ ఒకటి ఉంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేలను అక్కడివారు నడిగడ్డ అంటారు. 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది మొదట అక్కడ కత్తి పట్టినవాడు సోమనాద్రి. కర్నూలు వైపు నవాబులతో పోరు సాగుతుండగా ఆయన గుర్రం శత్రువుల చేతికి చిక్కింది. దానిని తెస్తానని ఒక బంటు బయలుదేరాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని శత్రు శిబిరంలో చొరబడి, ఆ గడ్డిలోనే దాగాడు. చీకట్లో సాహిసు గుర్రాన్ని కట్టడానికి మేకు పాతాడు. ఆ మేకు గడ్డి కింద ఉన్న బంటు అరచేతిలో దిగింది. అతడు కిక్కురుమనలేదు. అంతా నిద్రపోయాక రెండవ చేత్తో కత్తి తీసి, మేకు దిగిన చేతిని తానే నరుక్కొని, గుర్రమెక్కి దొరను చేరాడు.

ఇది నేను విన్న తీరు. ఊరికొక తీరున చెబుతారు. విన్న ప్రతివారూ ఆ బంటు గుండెనిబ్బరాన్ని మెచ్చుకొని ఊరుకుంటారు. నేనూ చాలాకాలం అంతే చేశాను. ఒకనాడు మాత్రం వేరొక సందేహం పుట్టి నన్ను వదలలేదు. చేయి తెగి నెత్తురు కారుతున్న మనిషి, మిగిలిన ఒంటి చేత్తో, చీకట్లో, శత్రువుల నడుమనుంచి ఆ గుర్రాన్ని ఎలా నడిపాడు? కథ బంటును పొగిడింది. మరి ఆ గుర్రాన్ని అలా తీర్చినవాడి మాట ఎందుకు ఎత్తలేదు?

మేకు సంగతి ముందుగా చూద్దాం. మన దేశంలో పాతకాలపు సైనిక శిబిరాలలో గుర్రాన్ని మెడతాడుతో మాత్రమే కట్టి వదిలేవారు కారు. తల వైపు నుంచి తాళ్ళు, వెనుక కాళ్ళ నుంచి తాళ్ళు, అన్నీ నేలలో పాతిన మేకులకు. దక్కనీ వాడుకలో వీటిని అగాడీ, పిఛాడీ అంటారు. అంటే గుర్రం బలమెక్కడున్నదో కట్టేవాడికి బాగా తెలుసు. తల ఎంత గట్టిగా కట్టినా వెనుక కాళ్ళు స్వేచ్ఛగా ఉంటే గుర్రం చేతిలో లేనట్టే. కట్టడానికి ఏది సూత్రమో స్వారీకీ అదే సూత్రం.

గుర్రం ఒంటిని కాస్త పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది. నిలుచున్న గుర్రం బరువులో నూటికి అరవై పాళ్ళ దాకా ముందు కాళ్ళ మీదనే పడుతుంది. బరువైన తల, పొడవైన మెడ ముందుకు చాచి ఉండడమే అందుకు కారణం. పైగా గుర్రానికి మెడ ఎముక, అనగా మనకు భుజాల ముందుండే అడ్డపు ఎముక, లేదు. ముందు కాళ్ళు కండరాల ఉట్టిలో మొండేన్ని మోస్తుంటాయి. వెనుక కాళ్ళు అలా కాదు. తుంటి కీలు ద్వారా కటి ఎముకకు, అక్కడినుంచి వెన్నుకు, ఎముకకు ఎముక ఆనించి ఉంటాయి. నెట్టే బలమంతా అక్కడిది. గుర్రం వెనుక కాలిలో వెనక్కు వంగినట్టు కనబడే కీలును మనం మోకాలు అనుకుంటాం. నిజానికి అది మడమ. మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది.

ఈ అమరికపై మనిషి ఎక్కి కూర్చుంటే ముందు కాళ్ళ భారం ఇంకా పెరుగుతుంది. శిక్షణ లేని గుర్రం ఆ భారానికి వీపు కిందికి దించి, వెనుక కాళ్ళు వెనకనే ఈడ్చుకుంటూ పరుగెత్తుతుంది. నేరుగా పోవడానికి అది చాలు. యుద్ధంలో చాలదు. ఈటె తప్పించుకొని చటుక్కున తిరగాలి, పరుగులో నిలవాలి, నిలిచినచోటినుంచి దూకాలి. అందుకు వెనుక కాళ్ళు పొట్ట కిందికి రావాలి. తుంటి, మోకాలు, మడమ మూడూ మడిగి, నడుము వెనుకభాగం కొంచెం కిందికి దిగి, బరువు వెనక్కు జరగాలి. అప్పుడు వీపు లేస్తుంది, భుజాలు తేలికవుతాయి, తల తనంతట తానే ఒంపు తిరుగుతుంది.

ఇదంతా పాశ్చాత్యుల విద్య అనే నేనూ అనుకునేవాడిని. గ్రీకు దేశపు జెనోఫోను క్రీస్తు పూర్వం 4వ శతాబ్దిలోనే దీనిని గురించి రాశాడు. ఫ్రాన్సులో లా గెరినియేర్ 1733లో వెలువడిన గ్రంథంలో, గుర్రం భుజాలను లోపలికి తెచ్చి పక్కకు నడిపిస్తూ లోపలి వెనుక కాలిని ఒంటి కిందికి రప్పించే అభ్యాసాన్ని వివరించాడు. వియన్నాలోని అశ్వశాలలో ఇప్పటికీ అదే పునాది.

తరువాత అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అశ్వాధ్యక్ష ప్రకరణం చదువుతుండగా ఒక మాట దగ్గర ఆగిపోయాను. త్రికచాలి! శామశాస్త్రిగారు మైసూరులో 1909లో ప్రకటించిన గ్రంథమిది. స్వారీ గుర్రపు గతులను అందులో వల్గనం, నీచైర్గతం, లంఘనం, ధోరణం, నారోష్ట్రం అని విభజించారు. వల్గనమంటే గుండ్రంగా తిరిగే గతి. దానిలోని భేదాలలో ఒకటి వర్ధమానకం, మరొకటి త్రికచాలి. త్రికమంటే వెన్నెముక అడుగున, కటితో కలిసే చోటు. వైద్యులు ఈనాటికీ ఆ అర్థంలోనే వాడతారు. త్రికచాలి అంటే వెనుకభాగపు బలంతో సాగే నడక. పాశ్చాత్యులు పుటలకొద్దీ వివరించిన సంగతికి మనవారు నాలుగక్షరాల పేరు పెట్టారు. పైగా దానిని గుండ్రపు గతులలో చేర్చారు. ఇది యాదృచ్ఛికం కాదు. వలయంలో తిరిగేటప్పుడే లోపలి వెనుక కాలు ఒంటి కిందికి రాక తప్పదు.

ఇక్కడే ఒక చిన్న ముచ్చట. నాగర్‌కర్నూలు దగ్గరి నంది వడ్డెమానుకు పాతపేరు వర్ధమానపురం. కాకతీయుల నాటి గోనవారి స్థావరమది. అడివి బాపిరాజుగారి నవల చదివినవారికి గోన గన్నారెడ్డి గుర్రపు దండు జ్ఞాపకముండే ఉంటుంది. వర్ధమానకానికీ వర్ధమానపురానికీ సంబంధమేమీ లేదు. అయినా ఆ ఊరిపేరు విన్నప్పుడల్లా నా కళ్ళముందు ఒక గుర్రం వలయం తిరుగుతూనే ఉంటుంది.

మాట ఒక్కచోటనే ఆగలేదు. అమరకోశం వల్లించిన మన పెద్దలకు అశ్వగతులు ఐదూ కంఠస్థం: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. 1130 ప్రాంతంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో గుర్రాలకు, గుర్రమెక్కి ఆడే బంతి ఆటకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. అలంపురం మొదలుకొని ఈ ప్రాంతమంతా అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణసారం రాశాడు. కాకతీయ సేనానులలో గండపెండేర గంగయ సాహిణి ప్రసిద్ధుడు. సాహిణి అన్నది సాధనిక శబ్దం నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. గుర్రపు దండును సాధించేవాడు, తీర్చేవాడు. ఆ పని బిరుదుగా, ఇంటిపేరుగా మిగిలింది. పనిలోని మెలకువలు మాత్రం మిగలలేదు.

ఆ మెలకువలు ఎలాంటివో చూడండి. లేతగుర్రాన్ని ముందు మనిషి లేకుండా పొడవైన తాటి మీద గుండ్రంగా తిప్పుతారు. రెండు వైపులా సమానంగా. మనకు కుడి, ఎడమ వాటం ఉన్నట్లే గుర్రానికీ ఉంటుంది. ఎక్కిన తరువాత నడకనుంచి నిలుపు, నిలుపునుంచి దుడుకు నడక, మళ్ళీ నడక. ఇలా మార్చిన ప్రతిసారీ వెనుక కాళ్ళు ఒక జానెడు ముందుకు వచ్చి బరువు అందుకోవాలి. ఆపేటప్పుడు కళ్ళెం గుంజకూడదు. రౌతు తన నడుము నిటారుగా నిలిపి, పిక్కలతో గుర్రాన్ని ముందుకు పంపుతూ, వాగెను ఒక్క క్షణం బిగించి వదలాలి. ముందుకు పొమ్మనడం, ఆగుమనడం ఒకే క్షణంలో. ఆ రెండింటి నడుమ గుర్రం పోగుపడుతుంది. తరువాత మూడు నాలుగడుగులు వెనక్కు నడిపించడం, మెట్టపల్లాలు ఎక్కించి దించడం, పక్కకు నడిపించడం. ఇది నెలలలో అయ్యే పని కాదు. కండ పెరగాలి, కీళ్ళు అలవాటు పడాలి. ఏళ్ళు పడుతుంది.

దీనికి దొంగదారి ఒకటుంది. వాగె గుంజి తల వంచితే గుర్రం మెడ బొమ్మల్లోని గుర్రంలా అందంగా ఒంపు తిరుగుతుంది. వెనుక కాళ్ళు మాత్రం ఎక్కడివక్కడనే ఉంటాయి. చూసేవాడికి తేడా తెలియదు, గుర్రం వీపుకు తెలుస్తుంది. మన దేశంలో చిరకాలం వాడుకలో ఉన్న ముళ్ళ కళ్ళెం ఈ దొంగదారికే పనిముట్టు. ముల్లు గుచ్చుకుంటుందన్న భయంతో గుర్రం తల దించుతుంది. 1965 నాటి పశుహింసా నివారణ నియమాలు దానిని నిషేధించాయి. అయినా పెళ్ళి ఊరేగింపు గుర్రాల నోట నేటికీ అది కనబడుతూనే ఉంది. బలవంతాన చేయించిన పనిలో గుర్రానికి అవగాహన ఉండదని, నర్తకిని కొరడాతో ఆడించినట్టే ఉంటుందని జెనోఫోను ఆనాడే హెచ్చరించాడు. మనకు విద్యా ఉంది, ముల్లూ ఉంది. చేతికి సులువుగా అందింది ముల్లు.

దక్షిణాదిలో గుర్రాల చరిత్ర చాలావరకు కొనుగోలు చరిత్ర. 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి అభయశాసనంలో, పూర్వపు రాజులు ఓడ పగిలినప్పుడు బలవంతంగా లాక్కునే సరుకులలో ఏనుగులతోపాటు గుర్రాలూ కనబడతాయి. దక్షిణ తీరంలో దిగిన గుర్రాలు తిండి, సాకుడు తెలియనివారి చేతుల్లో పడి ఏటేటా చచ్చిపోతున్నాయని మార్కోపోలో వాపోయాడు. విజయనగర ప్రౌఢదేవరాయలు బహమనీల చేతిలో ఓటములకు కారణం వెదికి, మేలైన గుర్రాలు, గుర్రం మీదినుంచి బాణం వేయగల రౌతులు తమకు లేకపోవడమేనని తేల్చుకొని ముస్లిం అశ్వికులను కొలువులో చేర్చుకున్నాడని ఫెరిష్తా రాశాడు. గమనించండి. ఆయనకు కావలసివచ్చింది గుర్రాలొక్కటే కాదు, వాటిమీద కూర్చోగల మనుషులు. బాణం వేసేవాడికి రెండు చేతులూ కావాలి. వాగె వదిలేసినా గుర్రం అతని నడుము మాట వినాలి. 1520లో నడిగడ్డ పక్కనే రాయచూరు యుద్ధం జరిగింది. ఆ నేల తొక్కని గుర్రపు జాతి లేదేమో!

నడిగడ్డకు ఉత్తరాన వనపర్తి. 1866లో మరణించిన మొదటి రామేశ్వరరావు తన సైన్యంలో ఆఫ్రికా సంతతి ఆశ్వికదళాన్ని పోషించాడు. ఆయన తరువాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు పక్కన వారి నివాసాలున్న చోటే నేటి ఏ.సి. గార్డ్స్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరు కుదించుకుపోతే ఆ పొడి అక్షరాలు మిగిలాయి. 1948 తరువాత దళమూ పోయింది. సిద్దీల వంశీయులు అక్కడ ఉన్నారు, వారి మర్ఫా వాయిద్యం నగరమంతా మోగుతుంది. గుర్రాలు లేవు. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలిసింది. అశ్వశాల విద్య వెళ్ళి యంత్రశాల విద్య వచ్చింది. అందుకు నేను విచారించను, కాలధర్మం. కాని ఆ దళంలో గుర్రాలను తీర్చినవారు ఏమి చేసేవారో, లేతగుర్రాన్ని ఏ మాటలతో మచ్చిక చేసేవారో ఎవరూ రాసిపెట్టలేదు. రాజుల పేర్లు, తేదీలు, బిరుదులు దొరుకుతాయి. విద్వద్గద్వాల అని పేరు పొందిన చోట కవుల చాటువులు దొరుకుతాయి. సాహిసు నోటి మాట దొరకదు.

మళ్ళీ మన బంటు దగ్గరికి వద్దాం. కథ నిజమో కాదో వాదించను. కల్పించినవాడికి మాత్రం గుర్రం తెలుసు. గడ్డిలో మనిషి వాసన పట్టి కూడా ఆ గుర్రం సకిలించలేదు. తాళ్ళు తెగగానే నిలిచినచోటినుంచి దూకింది. అది త్రికబలం. ఒక చేయి లేదు, ఉన్న చేతిలో వాగె పట్టాడో, జూలు పట్టాడో. రౌతు నడుము ఎటు వాలితే గుర్రం అటు తిరిగింది. ముళ్ళ కళ్ళేనికి భయపడి తల దించిన గుర్రమైతే, ఆ రాత్రి వాగె వదులు కాగానే తన దారి తాను చూసుకొనేది.

కథలో చేయి ఇచ్చినవాడు బంటు. ఆ చేయి లేకున్నా నడిచేట్టు గుర్రాన్ని తీర్చినవాడు మరొకడు. అతని పేరు కథకు తెలియదు, చరిత్రకూ తెలియదు. అతని విద్య పేరు మాత్రం ఒక పాత పుస్తకంలో నాలుగక్షరాలుగా నిలిచింది. ఈసారి గద్వాల కథ ఎవరికైనా చెబితే, ఆ నాలుగక్షరాలు కూడా కలిపి చెప్పమని నా మనవి.