బుకిట్ తిమా అభయారణ్యం

బుకిట్ తిమా సింగపూర్‌లోని వర్షారణ్యం. 163 మీటర్లకు పైగా ఎత్తున్న గుట్టను కప్పి ఉంటుంది. దేశంలో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. అడవి విస్తీర్ణం 163 హెక్టార్లే. చుట్టూ అపార్ట్‌మెంట్లు, రోడ్లు. అంత చిన్న చోటే 800కు పైగా పూల మొక్కల జాతులకు ఆశ్రయమిచ్చింది.

1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఇక్కడ ఒక ఫ్రెంచి మిషనరీ ఇంట దిగి పురుగులు సేకరించాడు. రెండు నెలల్లో 700 రకాల పెంకు పురుగులు దొరికాయి. దాదాపు అన్నీ చదరపు మైలుకు మించని అడవి ముక్కలోవే. చైనా కూలీలు చెట్లు నరికిన చోట పడి ఉన్న బెరడు, ఎండుటాకులు, రంపపు పొట్టు ఆ పురుగులకు మంచి మేతయ్యాయని ఆయన గమనించాడు. అప్పట్లో ఇక్కడ పులులుండేవి. వాటి కోసం తవ్విన గుంతల్లో మొదట్లో మొనదేలిన కొయ్యలు పాతేవారు. దారిన పోయే మనిషి ఒకరు వాటి మీద పడి చనిపోయాక ఆ పద్ధతిని నిషేధించారు.

గాంబియర్ అనే పంట కోసం, మిరియాల తోటల కోసం అప్పటికే దీవిలోని అడవులు చాలావరకు పోయాయి. సింగపూర్ వృక్షోద్యానానికి అధిపతిగా ఉన్న నథానియల్ క్యాంట్లీ ఈ దుస్థితిపై నివేదిక ఇచ్చాడు. 1883లో బుకిట్ తిమా రక్షిత అడవి అయింది. ఆదాయం రావడం లేదని 1930లలో మిగతా రక్షిత అడవులకు ఆ హోదా తీసేసినా, దీన్ని వదులుకోలేదు. 1951లో అభయారణ్యాల చట్టం దీనికి మరింత బలమిచ్చింది.

అయితే హోదా ఉన్నంత మాత్రాన అడవికి గాయాలు తప్పలేదు. గుట్ట అంచుల్ని గ్రానైట్ క్వారీలు తొలిచేశాయి. 1986లో పూర్తయిన ఎక్స్‌ప్రెస్‌వే దీన్ని పక్కనున్న పెద్ద అడవి నుంచి విడదీసింది. నిజానికి క్వారీల కన్నా ఈ రోడ్డు చేసిన నష్టమే పెద్దది. తెగిపోయిన చిన్న అడవిలో ఒక జంతుజాతి అంతరిస్తే, దాని చోటు నింపడానికి బయటి నుంచి మరొకటి రాలేదు. ఇక్కడి చారల ఆకుమేత కోతుల్లో చివరిది 1987లో కుక్కల దాడిలో చనిపోయింది. అలుగులు రోడ్డు దాటబోయి వాహనాల కింద పడేవి.

2013లో రోడ్డు మీదుగా 62 మీటర్ల పొడవున జంతువుల కోసం వంతెన కట్టారు. మట్టి పోసి, స్థానిక మొక్కలు నాటారు. మనుషులు మామూలుగా దాని మీద నడవడానికి వీల్లేదు. అలుగులు దాన్ని దాటడం కెమెరాల్లో నమోదైంది. వంతెనకైన ఖర్చుకు అంతకన్నా మంచి సమర్థన అక్కర్లేదు.

ఇక్కడి వాగుల్లో మరో అరుదైన ప్రాణి ఉంది. అది సింగపూర్ మంచినీటి పీత. శాస్త్రజ్ఞుడు పీటర్ ఎన్‌జీ 1986లో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. డొప్ప వెడల్పు మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ప్రపంచంలో మరే దేశంలోనూ కనిపించదు. వాగు నీటిలో ఆమ్లగుణం పెరిగినా దానికి ప్రమాదమే.

సందర్శకుల తాకిడికి బాటలు, వాలులు దెబ్బతినడంతో 2014లో మరమ్మతుల కోసం మూసేసి, 2016 అక్టోబరులో తిరిగి పూర్తిగా తెరిచారు. బాటల అంచులు కోసుకుపోయిన చోట్ల చెక్క నడకదారులు వేశారు. మట్టిమీద అడుగు పడకపోతే వేళ్లు బతుకుతాయి, మొలకలు లేస్తాయి. ప్రవేశానికి రుసుము లేదు.