ఒంటరి తల్లులు: భర్త లేడని ఊరందరికీ తెలుసు.. మరి కాగితం ఏదీ? నల్గొండ, పాలమూరులో ఎవరికి ఏది వర్తిస్తుందంటే..

భర్త చనిపోయాడా? వదిలేశాడా? వలసపోయి మళ్లీ రాలేదా? ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. కానీ పెన్షన్‌కో, పిల్లల సర్టిఫికెట్‌కో వెళ్తే మాత్రం మొదటి ప్రశ్న ఒక్కటే.. కాగితం ఉందా? ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తల్లులకు అసలు చిక్కు ఇక్కడే. ఒంటరి కావడానికి కారణాన్ని బట్టి కావాల్సిన కాగితం, వర్తించే చట్టం మారిపోతాయి.

దేశంలో లెక్క ఇదీ..

యూఎన్ ఉమెన్ 2019 రిపోర్ట్ ప్రకారం మన దేశంలో 4.5 శాతం కుటుంబాలు ఒంటరి తల్లులవే. అంటే దాదాపు 1.3 కోట్లు. పుట్టింట్లోనో, అత్తింట్లోనో, బంధువుల దగ్గరో ఉంటూ పిల్లల్ని సాకుతున్నవాళ్లు మరో 3.2 కోట్ల మంది. పరిస్థితి అన్ని చోట్లా ఒకేలా లేదు. మిజోరం, మేఘాలయ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో విడాకులు, విడిపోవడం ఎక్కువ. మేఘాలయ ఖాసీల్లో పిల్లలకు తల్లి వంశం పేరే వస్తుంది కాబట్టి తండ్రి ఎవరన్న ప్రశ్న అంత అడ్డు కాదు.

మన దగ్గర అలా కాదు. 2011 జనాభా లెక్కలు చూస్తే దేశంలో విడాకులు అయిన మహిళల కంటే, విడాకులు లేకుండానే భర్తకు దూరంగా ఉంటున్నవాళ్లు రెట్టింపు కంటే ఎక్కువ. వీళ్లలో చాలామంది చేతిలో కోర్టు కాగితం ఉండదు.

పాలమూరు: వలస పోయినోళ్లు రాకపోతే..

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ప్రాజెక్టుల కాల్వలు, కట్టల దగ్గర మట్టి పని చేసింది వీళ్లే. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణెకు వలస ఇప్పటికీ ఉంది. పోయిన మనిషి జాడ లేకపోతే భార్య అటు వితంతువు కాదు, ఇటు విడాకులు పొందిన మహిళా కాదు. 7 ఏళ్లపాటు దగ్గరివాళ్లెవరికీ ఆచూకీ తెలియకపోతే, చనిపోయినట్టు ప్రకటించాలని కోర్టును అడగొచ్చు. అందుకే మనిషి కనిపించడం లేదని పోలీస్ స్టేషన్‌లో వెంటనే ఫిర్యాదు చేయడం ముఖ్యం. తర్వాత ఆ ఎఫ్ఐఆరే ఆధారం అవుతుంది.

జోగినీల పిల్లలు.. తండ్రి పేరు?

ఇదే ప్రాంతంలో జోగినీ ఆచారం కూడా ఉండేది. 1988లోనే చట్టం చేసి నిషేధించారు. కానీ వాళ్ల పిల్లలకు తండ్రి పేరు దగ్గర సమస్య మిగిలిపోయింది. పెళ్లి కాని తల్లి అఫిడవిట్ ఇస్తే తండ్రి పేరు లేకుండానే బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాలని 2015 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టుకు 2016 డిసెంబర్ నుంచి తల్లి పేరు ఒక్కటి సరిపోతుంది. ఒంటరి తల్లి పిల్లలకు పాన్ కార్డులోనూ 2018 డిసెంబర్ నుంచి తండ్రి పేరు తప్పనిసరి కాదు.

నల్గొండ: పత్తి చేలు, తండాలు

పత్తి సాగు ఎక్కువగా ఉండే నల్గొండలో రైతు చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షల రైతు బీమా ఉంది. 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారులకే ఇది వర్తిస్తుంది. భూమి కౌలుకు తీసుకుని చేస్తే? పేరు మీద భూమి లేదు కాబట్టి భార్యకు బీమా రాదు. ఆమె వితంతు పెన్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

దేవరకొండ వైపు లంబాడా తండాల్లో ఇంకో చిక్కు. ఎస్టీలకు హిందూ వివాహ చట్టం నేరుగా వర్తించదు. తండా పెద్దల సమక్షంలోనే విడిపోతారు. తర్వాత ఎవరైనా కాదంటే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. అందుకే మాట మీద వదిలేయకుండా తేదీ, సాక్షుల సంతకాలతో రాయించుకోవడం మంచిది.

ఒంటరి మహిళ పెన్షన్ ఎవరికి?

తెలంగాణలో 2017లో నెలకు రూ.1,000తో మొదలైంది. 2019లో రూ.2,016 చేశారు. భర్తకు దూరమై ఏడాది దాటినవాళ్లు అర్హులు. పెళ్లి కానివాళ్లకైతే ఊళ్లలో 30, పట్టణాల్లో 35 ఏళ్లు నిండాలి. కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. ఇక్కడ విడాకుల డిక్రీ లేదని దరఖాస్తు మానుకోవద్దు. విడిగా ఉంటున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

భరణం మర్చిపోవద్దు

పెన్షన్ వస్తోందని భర్త బాధ్యత పోదు. పాత సీఆర్పీసీ 125 స్థానంలో 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144 వచ్చింది. ఏ మతమైనా, ఏ తెగైనా భార్య భరణం అడగొచ్చు. పెళ్లి లేకుండా పుట్టిన మైనర్ పిల్లలకూ తండ్రి నుంచి భరణం పొందే హక్కు ఉంది. లాయర్ ఫీజు కట్టలేమనే భయం అక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను పెడుతుంది. న్యాయ సహాయానికి 15100, మహిళా హెల్ప్‌లైన్ కోసం 181కి కాల్ చేయొచ్చు.

మీ ఊళ్లో ఇలా పిల్లల్ని ఒంటరిగా సాకుతున్న అక్కో, చెల్లెనో ఉంటే.. ముందు ఆమె దగ్గర ఏ కాగితం ఉందో, ఏది లేదో అడగండి. సగం పని అక్కడే మొదలవుతుంది.