భువనగిరి సీమలో పాటయు బడియు

భువనగిరి సీమలో బాలబాలికలకు పాట నేర్పిన మొదటి గురువు బడిపంతులు కాడు. వీధిలో గొల్లసుద్దులు చెప్పినవాడు, బీరప్ప కథ పలికిన ఒగ్గువాడు, రాత్రి భజనలో తాళము పట్టినవాడు, పూల బతుకమ్మ చుట్టు చప్పట్లు చరచుచు తిరిగిన తల్లి, వీరే ఆ గురువులు. ఈ ఆటపాటలలో పాడువాడు వేరు, వినువాడు వేరు అను కట్టుబాటు గట్టిగా లేదు. కథకుడు చరణము ముగించి ఊపిరి పీల్చుకొను లోపల వంత అందుకొనవలెను. ముందు కూర్చున్న పిల్లలు ఎవరును చెప్పకయే దానిని అందుకొనుచుండిరి. బతుకమ్మనాడు ఒకరు పాడగా తక్కినవారు పల్లవిని తిరిగి పలుకుదురు గనుక నడక వచ్చిన ఆడపిల్ల మొదలు అందరును పాటగత్తెలే.

నైజాము పాలనలో బడి తీరు వేరు. ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో సాగెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూ మాధ్యమముననే నడచెను. ఇంట తెలుగు, తరగతిలో ఉర్దూ. ఈ లోటును తీర్చుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వంటి గ్రంథాలయములు వెలసినవి. కాని పల్లెలో అక్షరమెరిగినవారు కొద్దిమందియే. తక్కిన వారికి పుస్తకమును పాటయే, పఠనమును పాటయే.

విద్యార్థుల పాట నేరమైన కాలమును కలదు. 1938లో ఉస్మానియా వసతిగృహములలో ప్రార్థనగా వందేమాతరము పాడుటను అధికారులు నిషేధించిరి. మానమనిన విద్యార్థులను వెళ్లగొట్టిరి. అలజడి వరంగల్లు మొదలగు చోట్లకు పాకెను. వెలివేయబడిన వారిలో పలువురు నాగపూరు చేరి చదువు సాగించిరి, పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. ఒక పాటకై ఊరు విడిచి పోవలసివచ్చిన విద్యార్థుల కథ ఇది.

1944లో ఆంధ్రమహాసభ పదునొకండవ సమావేశము భువనగిరిలో జరిగెను. ఈ తాలూకా బొల్లేపల్లివాడైన రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వ రుసుము రూపాయి నుండి అణాకు తగ్గినది ఇక్కడనే. అణా ఇచ్చి చేరిన పేదవానికి సభ మాటను చేర్చుటకు కరపత్రము చాలదు, అతడు చదువలేడు. ఆ పని పాట చేసినది. ఈ సీమలోని సుద్దాలకు చెందిన హనుమంతు, ఊరివారెరిగిన గొల్లసుద్దులు, బుర్రకథ మొదలగు బాణీలనే తీసికొని వెట్టిని, దొరతనమును గూర్చి పాడెను. కొత్త వరుస నేర్చుకొన పనిలేదు గనుక పిల్లల నోటికి అవి వెంటనే పట్టుబడినవి.

ఆయన ‘పల్లెటూరి పిల్లగాడా’ అను పాటలో నాయకుడు బడి మెట్లెక్కని బాలుడు, జీతమునకు కుదిరిన పసులకాపరి.  పగలు బడికి పోవు పిల్లవానికిని పసుల వెంట పోవు పిల్లవానికిని కలయిక లేదు. రాత్రి ఆటలో కులమును బట్టి కూర్చుండు చోటు వేరైనను చెవిని పడు పాట ఒక్కటే. తోటి బాలుని కష్టము బడిపిల్లలకు పాఠముగా తెలిసినది పుస్తకమున కాదు, ఆ రాత్రులలోనే.

1948 తరువాత బడిలోనికి తెలుగు వచ్చినది. 1979లో నిర్మితమైన ‘మాభూమి’ చిత్రముతో కాపరిబాలుని పాట ఊరూర మారుమ్రోగెను. హనుమంతు 1982లో కన్నుమూసెను. ఆయన కుమారుడు అశోక్‌తేజ సినీకవి కాకమునుపు బడిపంతులే.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినది. దసరా సెలవులకు ముందు బడి ఆవరణలలో ఆడపిల్లలు బతుకమ్మ ఆడుచున్నారు. అయితే పెక్కుచోట్ల పాట యంత్రము నుండి వచ్చును, పిల్లలు అడుగులు మాత్రమే వేయుదురు; వంత పోయినది. జనగామ ప్రాంతపు మాణిక్యపురమునకు చెందిన ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య 2017లో మరణించువరకు పేరొందిన ఒగ్గుకథలో మాత్రము డోలు కొట్టువాడు, తాళము వేయువాడు, కథకుని మాటను మధ్యలో అందుకొనువాడు నేటికిని మనుష్యులే. ఆ మాట అందుకొనుట పిల్లవానికి పెద్దల వెంట తిరిగియే పట్టుబడుచున్నది.