గద్దా? కోడిపుంజా?

కోస్తా జిల్లాల్లో చాలా పాత ఇళ్ళలో యూనిఫాం వేసుకున్న మనిషి ఫోటో ఒకటి గోడకి వేలాడుతూ ఉంటుంది. ఎవరని అడిగితే "మా తాత, బర్మా యుద్ధంలో చేశాడు" అంటారు. ఇంకో తరం గడిచేసరికి దానికి "నేతాజీతో కలిసి" అన్నది కూడా చేరుతుంది. కావాలని ఎవరూ అబద్ధం చెప్పరు. మనవాళ్ళు రంగూన్‌కి కూలికి వెళ్ళడం, 1942లో జపాను రాగానే వేలమంది కాలినడకన తిరిగి రావడం, సైన్యంలో చేరినవాళ్ళ కబుర్లు, అన్నీ కలగలిసిపోయి "బర్మా" అనే ఒక్క మాటగా మిగిలాయి.

ఈ మధ్య ఒక స్నేహితుడు తన ముత్తాత ఫోటో స్కాన్ చేసి పంపాడు. ఆయనది ఏ యూనిట్టో కనుక్కోవాలట. ఇంట్లో వాళ్ళ మాట మామూలే: బర్మా, నేతాజీ. ఫోటోలో ఆయన ఎడమ భుజం మీద చిన్న గుడ్డ ముక్క, దాని మీద మసగ్గా ఒక పక్షి.

ఆ గుడ్డ ముక్క యూనిట్ గుర్తు కాదు. అది డివిజన్ గుర్తు. డివిజన్ అంటే పది పదిహేను వేల మంది. దాని నెంబరు శత్రువుకి తెలియకుండా ఉండాలని బొమ్మలు వాడేవారు. భారత సైన్యంలో పక్షి బొమ్మలు ప్రసిద్ధమైనవి రెండున్నాయి. నాలుగో డివిజన్‌ది ఎగురుతున్న ఎర్ర గద్ద. ఇరవై మూడో డివిజన్‌ది ఎర్ర కోడిపుంజు, పసుపు రంగు మీద. గద్ద వాళ్ళు ఆఫ్రికా ఎడారుల్లో, తర్వాత ఇటలీలో పోరాడారు, బర్మా వైపు వెళ్ళనే లేదు. పుంజు వాళ్ళు 1944లో ఇంఫాల్ దగ్గర ఉన్నారు. అదే ఇంఫాల్ మీదికి జపాను సైన్యంతో పాటు వచ్చింది ఆజాద్ హింద్ ఫౌజ్. అంటే అది పుంజే అయితే బర్మా మాట దాదాపు నిజమే, కానీ ఆయన పోరాడింది నేతాజీ వైపు కాదు, అవతలి వైపు!

రంగుల్లో చూస్తే రెండూ వేరువేరని ఇట్టే తెలుస్తుంది. నలుపు తెలుపు ఫోటోతోనే వచ్చింది చిక్కంతా. ఆ రోజుల్లో స్టూడియోల వాళ్ళు ఇంకా వాడుతున్న ఒక రకం ఫిల్ముకి ఎరుపు కనపడదు, నల్లగా పడుతుంది. పసుపు కూడా ఉన్నదానికంటే ముదురుగా వస్తుంది. కాంట్రాస్ట్ ఎంత పెంచినా ఫిల్ములో లేని సమాచారం బయటికి రాదు కదా.

కాబట్టి పక్షిని పక్కన పెట్టి తలపాగా చూశాం. చూరు లేకుండా, గొట్టంలా నిటారుగా ఉన్న గట్టి తలపాగా. దాన్ని 'దూప్తా' అంటారు, మద్రాసు శాపర్ల ప్రత్యేకత. వంతెనలు కట్టడం, రోడ్లు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం వాళ్ళ పని. మనవాళ్ళు అందులో ఉండటం ఆశ్చర్యమేమీ కాదు. దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికొచ్చే జాతులు కారని తెల్లదొరలు తేల్చేసి, 1928 నాటికి మద్రాసు రెజిమెంటు పటాలాలన్నిటినీ రద్దు చేశారు. శాపర్లని మాత్రం ఉంచుకున్నారు. మళ్ళీ యుద్ధం మీదికొచ్చాక, 1940ల్లో, మద్రాసు రెజిమెంటు గుర్తొచ్చింది.

చివరికి తేల్చింది పాత ట్రంకు పెట్టెలో దొరికిన పతకం. అప్పటి బ్రిటిష్ సైనికులకిచ్చిన స్టార్ పతకాల మీద పేర్లుండవు కానీ, భారతీయులకిచ్చిన వాటి వెనక నెంబరు, ర్యాంకు, పేరు, ఏ దళమో చెక్కి ఉంటాయి. ముందు వైపు పతకం పేరే ఉంటుంది. దీని మీద ఉన్నది 'ఇటలీ స్టార్'. పుంజు డివిజన్ ఇటలీ వెళ్ళలేదు. అంటే అది గద్దే. కంపెనీ ఏదో తెలియాలంటే ఆ నెంబరు పట్టుకుని బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డుల ఆఫీసుని అడగాలి.

ఈ మాట చెప్పగానే వాళ్ళ పెదనాన్నగారు నీరుగారిపోయారట. "అయితే రోడ్లేశాడా?" అన్నారట. నాకు బాధనిపించింది ఇక్కడే. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర మందుపాతరలు తీస్తుంటే ఒకటి పేలబోయింది. పక్కవాళ్ళని కాపాడటానికి సుబేదార్ సుబ్రమణియన్ దాని మీద పడుకుని చనిపోయాడు. ఆయనది గద్ద డివిజన్‌లోని మద్రాసు శాపర్ల కంపెనీ, అదీ సామాన్లు, పరికరాలు సరఫరా చేసే 'పార్క్' కంపెనీ. మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు. చెంగల్పట్టు జిల్లా మనిషి. మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఆ యుద్ధంలో పాతిక లక్షల మంది మనవాళ్ళు పనిచేశారు, ఎనభై వేల మందికి పైగా చనిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ళని ఎక్కడ పెట్టాలో మనకి తెలియలేదు. తెల్లవాడి జీతం తిన్నారు కాబట్టి దేశభక్తుల్లో చేర్చలేం, మన పిల్లలే కాబట్టి తిట్టలేం. అందుకని ఇంట్లోవాళ్ళే ప్రేమతో నేతాజీ పక్కన నిలబెట్టేస్తున్నారు. నేతాజీ వెంట నిజంగా వెళ్ళినవాళ్ళకీ ఇందులో అన్యాయమే జరుగుతోంది. ఎవరు చేసింది వాళ్ళ పేరున ఉండాలి.

మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే ఫ్రేములోంచి తీసి వెనక వైపు చూడండి, స్టూడియో ముద్రో, ఫీల్డ్ పోస్టాఫీసు నెంబరో ఉండొచ్చు. పతకాలుంటే చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. ఆయన్ని చూసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్ళి అడగండి.