కళాశాల ఎంపిక, చదువు వినియోగం: తెలుగు ప్రాంతాల చారిత్రక అనుభవం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• 1857 తరవాత తెలుగు ప్రాంతాల్లో కళాశాల విద్య ఎలా విస్తరించిందో వివరించగలుగుతారు.
• విద్యార్థి ఎంపికను గుర్తింపు, భాష, అందుబాటు ఎలా నిర్ణయించాయో చెప్పగలుగుతారు.
• ఆ అనుభవం వెలుగులో మీ సొంత చదువును అంచనా వేసుకోగలుగుతారు.

1. పరిచయం

ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికే మీరు ఒక ఎంపిక చేసుకున్నారు. ఉద్యోగమో, సేద్యమో, ఇంటి బాధ్యతో వదులుకోలేక, రోజూ తరగతికి వెళ్లే చదువుకు బదులు దూరవిద్యలో చేరారు. మంచి కాలేజీలో సీటు వచ్చినవాళ్లదే అసలు చదువు అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిజం? దీనికి చరిత్రలో కొంత జవాబు ఉంది.

ఏ కాలంలోనైనా కళాశాలను ఎంచుకునే విద్యార్థి ముందు నాలుగు ప్రశ్నలు ఉంటాయి. అది ఇచ్చే పట్టాకు గుర్తింపు ఉందా? ఏ భాషలో బోధిస్తారు? అక్కడికి చేరి, ఉండి, ఖర్చు భరించి చదవగలమా? పరీక్షకు మించి అక్కడ నేర్చుకోవడానికి ఏముంది? గత నూట అరవై ఏళ్లలో తెలుగు విద్యార్థులు ఈ ప్రశ్నలను ఎలా ఎదుర్కొన్నారో ఇప్పుడు చూద్దాం.

2. గుర్తింపు: 1857 నాటి ఏర్పాటు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. వీటికి లండన్ విశ్వవిద్యాలయం నమూనా. మొదట్లో ఇవి పాఠాలు చెప్పే సంస్థలు కావు. కళాశాలలకు అనుబంధం ఇవ్వడం, పరీక్షలు జరపడం, పట్టాలు ప్రదానం చేయడం వీటి పని. బోధన కళాశాలల బాధ్యత.

ఈ ఏర్పాటు వల్ల రెండు ఫలితాలు వచ్చాయి. మొదటిది మేలు చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినా, చిన్న పట్టణంలోని అనుబంధ కళాశాలలో చదివినా రాసే పరీక్ష ఒకటే, వచ్చే పట్టా ఒకటే. మచిలీపట్నంలో 1843లో మొదలైన నోబుల్ పాఠశాల, రాజమండ్రిలో 1853లో మొదలైన ప్రభుత్వ పాఠశాల, విజయనగరంలో 1857లో మొదలైన మహారాజావారి పాఠశాల క్రమంగా కళాశాలలుగా ఎదిగాయి. దానితో కోస్తా విద్యార్థి మద్రాసు దాకా వెళ్లవలసిన అవసరం తగ్గింది. రెండో ఫలితం అంత మంచిది కాదు. విశ్వవిద్యాలయం అంటే పరీక్ష అనే అర్థం స్థిరపడి, చదువు లక్ష్యం పరీక్ష గట్టెక్కడమే అయింది. ఆ అలవాటు నేటికీ మనల్ని పూర్తిగా వదలలేదు.

3. ఇద్దరు మిత్రులు, రెండు దారులు

ఒకే కాలంలో, ఒకే ప్రాంతంలో ఎదిగిన ఇద్దరిని పోల్చి చూడండి. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి విజయనగరంలో చదువుకున్న నాటి నుంచి మిత్రులు. గురజాడ మహారాజావారి కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి, 1887లో అక్కడే ఉపన్యాసకులయ్యారు. కళాశాల, సంస్థానం, వాటి చుట్టూ చేరిన పండితులు, కళాకారులు ఆయనకు విశాలమైన లోకాన్ని చూపాయి. 1892లో ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ ఆ వాతావరణంలో పుట్టినదే.

గిడుగుకు అలాంటి అవకాశం దొరకలేదు. ఆయన 1863లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ కాగానే కుటుంబ భారం మీదపడింది. 1880లో పర్లాకిమిడిలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరారు. కళాశాల గడప తొక్కకుండానే, ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., ఆ తరవాతి దశాబ్దంలో చరిత్ర ముఖ్యాంశంగా బి.ఏ. పరీక్షలు పూర్తిచేశారు.

ఆయన పాఠ్యపుస్తకాల దగ్గర ఆగిపోలేదన్నది ఇక్కడ ముఖ్యం. దగ్గరలోని ముఖలింగం ఆలయ శాసనాల లిపిని స్వయంగా నేర్చుకుని చదివారు. చుట్టుపక్కల కొండల్లో సవరలు మాట్లాడే భాషను, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి అభ్యసించారు. ఆ శ్రమ ఫలితమైన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. జనం మాట్లాడే తెలుగే చదువుల్లోనూ ఉండాలని వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపారు. గురజాడ ఆ ఉద్యమంలో ఆయనకు తోడుగా నిలిచారు.

కళాశాలలో చదివిన మిత్రుడు, చదవలేకపోయిన మిత్రుడు కలిసి ఒకే లక్ష్యం కోసం పనిచేశారు. మీరు ఇప్పుడు చదువుతున్న వాక్యాలు గ్రాంథికంలో కాక ఈ రూపంలో ఉండటానికి ఆ ఉద్యమం ఒక ముఖ్య కారణం. అయితే దీని నుంచి కళాశాల అనవసరం అనే నిర్ణయానికి రావద్దు. పదేళ్లకు పైగా ఒంటరిగా చదివి పట్టా సాధించగల ఓపిక, పరిస్థితులు అందరికీ ఉండవు. గిడుగులా మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవారి పేర్లు మనకు తెలియవు.

4. భాష: నిజాం రాజ్యంలోని విద్యార్థి

హైదరాబాద్ రాజ్యంలో సమస్య మరో రకంగా ఉండేది. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అక్కడ బోధన ఇంగ్లీషులో సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించిన ప్రయోగం అది. శాస్త్ర గ్రంథాల అనువాదం కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను కూడా నెలకొల్పారు.

కానీ రాజ్యంలో ఎక్కువమంది మాతృభాష తెలుగు. ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థి రెండు చోట్లా మరో భాష మీదుగానే చదువు అందుకోవలసి వచ్చింది. 1938లో వందేమాతరం గీతం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను పెద్ద సంఖ్యలో బహిష్కరించినప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి ప్రవేశం కల్పించింది. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. కళాశాల మారడం ఆ విద్యార్థులకు ఇష్టపూర్వకమైన ఎంపిక కాదు, చదువు నిలబెట్టుకోవడానికి మిగిలిన దారి.

5. అందుబాటు: వసతి లేని విద్యార్థిని

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. విజయవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు మారింది. తెలుగు జిల్లాలకు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. కానీ దాని తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి చిన్నతనంలోనే పెళ్లయింది. బడి చదువు తొందరగానే ఆగింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లి వచ్చిన తరవాత ఆమె చదువు మళ్లీ మొదలుపెట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా పూర్తిచేశారు. వాల్తేరులో డిగ్రీలో చేరబోతే స్త్రీలకు వసతిగృహం లేకపోవడం అడ్డు వచ్చింది. తనలాంటి ఇబ్బందిలో ఉన్న విద్యార్థినులను కూడగట్టి వసతి ఏర్పాటు చేసుకుని, రాజనీతిశాస్త్రంలో పట్టా పొందారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. తరవాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. తాను పరీక్షలకు సిద్ధమైన అనుభవంతో ఇతర స్త్రీలకు పాఠాలు చెప్పించిన ప్రయత్నం నుంచే ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకుంది.

విశ్వవిద్యాలయం ఉండటం ఒకటి, అందులో చదవగలగడం మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను దుర్గాబాయి జీవితం చూపుతుంది. ఆ తేడాను పూడ్చే పని ఒక్క విద్యార్థి పట్టుదలకే వదిలేయకూడదు, అది సంస్థలు చేయాలి.

6. దూరవిద్య: ఒంటరి చదువుకు ఒక వ్యవస్థ

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో తయారుచేసింది. దూరం, భాష అనే అడ్డంకులు కొంత తగ్గాయి. అయినా పగలు పనిచేసేవారికి, ఇల్లు వదలలేని స్త్రీలకు, ఇంటర్మీడియట్ చదవలేకపోయినవారికి కళాశాల అందలేదు.

1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. గతంలో ఇది ఇంటర్మీడియట్ లేనివారికి అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించింది. తెలుగులో పాఠాలు, ఊరికి దగ్గరలో అధ్యయన కేంద్రం, సెలవు దినాల్లో సంపర్క తరగతులు దీని ప్రత్యేకతలు. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు ఒంటరిగా చేసిన పనికి ఇక్కడ పుస్తకం, గురువు, తోటి విద్యార్థులు జత కలిశారు.

7. నేటి విద్యార్థికి

ఈ చరిత్రను మీకు, మీ ఇంట్లో కళాశాలకు సిద్ధమవుతున్న పిల్లలకు అన్వయించుకోండి. మొదట గుర్తింపు చూడండి. చట్టప్రకారం ఏర్పడిన, డిగ్రీ ఇచ్చే అధికారం ఉన్న సంస్థేనా అని విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించే జాబితాల్లో సరిచూసుకోండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా ఆ సంఘమే ప్రకటిస్తుంది. దూరవిద్యలో అయితే మీరు చేరే కోర్సుకు ఆ సంవత్సరం అనుమతి ఉందో లేదో విడిగా చూడాలి. ప్రకటనల్లోని భవనాల కంటే అధ్యాపకులు, గ్రంథాలయం, ప్రయోగశాల, మొత్తం ఖర్చు ముఖ్యం. అక్కడ ఇప్పుడు చదువుతున్నవారిని అడగండి.

చేరిన తరవాత సంపర్క తరగతులను వదులుకోకండి. సందేహాలు ముందే రాసుకుని వెళ్లండి. అధ్యయన కేంద్రంలో పరిచయమైన ఇద్దరు ముగ్గురితో కలిసి చదవండి. ఈ పాఠాల్లో చదివిన విషయాన్ని మీ ఊరితో పోల్చండి. మీ ఊరి గుడిలో శాసనం ఉండవచ్చు, మీ బడి ఏ సంవత్సరంలో మొదలైందో పెద్దలకు తెలిసి ఉండవచ్చు. చరిత్ర విద్యార్థికి అవి కూడా ఆధారాలే.

8. సారాంశం

తెలుగు ప్రాంతాల్లో ఇష్టమైన కళాశాలను ఎంచుకునే వీలు చాలాకాలం కొద్దిమందికే ఉండేది. గుర్తింపు, భాష, అందుబాటు అనే అడ్డంకులు ఒక్కొక్కటిగా, అసంపూర్ణంగానే తగ్గాయి. దూరవిద్య ఈ క్రమంలో వచ్చిన తాజా దశ, నాసిరకం ప్రత్యామ్నాయం కాదు. దీని విలువ పట్టాతో పాటు, మీరు దాన్ని ఉపయోగించుకునే తీరు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

9. మాదిరి ప్రశ్నలు

1. అనుబంధ కళాశాలల పద్ధతి వల్ల తెలుగు జిల్లాల విద్యార్థులకు కలిగిన లాభనష్టాలను వివరించండి.
2. గిడుగు రామమూర్తి, దుర్గాబాయిల చదువులను పోల్చి, వారికి ఎదురైన అడ్డంకుల స్వభావాన్ని చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఒక కళాశాల ఎప్పుడు, ఎవరి కోసం ఏర్పడిందో తెలుసుకుని ఒక పేజీ వ్యాసం రాయండి.