గ్రామఫోన్ స్ప్రింగు మోటారు మరమ్మత్తు

గ్రామఫోన్ స్ప్రింగు మోటారు అనేది విద్యుత్తు అవసరం లేకుండా, చుట్టిన ఉక్కు పట్టీలో నిలవ ఉన్న శక్తితో రికార్డును తిప్పే యంత్రం. 19వ శతాబ్దం చివరి నుండి 20వ శతాబ్దం మధ్యకాలం వరకు తయారైన అనేక ఫోనోగ్రాఫులలోను, గ్రామఫోన్లలోను ఇటువంటి మోటార్లు ఉండేవి. వీటిని విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపించడం పాత యంత్రాలను సేకరించేవారి అభిరుచులలో ఒకటి. ఆగిపోయిన మోటార్లలో చాలావాటికి కొత్త భాగాలు అవసరం ఉండవు. ఎండిపోయిన గ్రీజును తొలగించి కొత్తది పూస్తే తిరిగి నడుస్తాయి. అయితే స్ప్రింగులో మిగిలి ఉన్న శక్తిని గుర్తించక విప్పినచో చేతులకు, కళ్ళకు తీవ్రమైన గాయాలు కలిగే ప్రమాదం ఉన్నది.

చరిత్ర

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ కనుగొన్న తొలి ఫోనోగ్రాఫును చేతితో తిప్పేవారు. ఎమిల్ బెర్లినర్ రూపొందించిన తొలి గ్రామఫోన్లు కూడా అటువంటివే. చేతి వేగం ఒకేలా ఉండదు కనుక పాట శ్రుతి నిలిచేది కాదు. 1896లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, కామ్డెన్ నగరంలో యంత్రాల పని చేసే ఎల్‌రిడ్జ్ జాన్సన్ బెర్లినర్ గ్రామఫోన్ కొరకు తగిన స్ప్రింగు మోటారును తయారుచేశాడు. ఇతడే 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీని స్థాపించాడు. విద్యుత్ మోటార్లు వచ్చిన తరువాత కూడా, కరెంటు లేని ఊళ్ళలో స్ప్రింగుతో నడిచే పెట్టెలు చాలాకాలం వాడుకలో ఉన్నాయి. 1931లో విడుదలైన హెచ్.ఎం.వి. 102 అనే పెట్టె వీటిలో ప్రసిద్ధమైనది.

నిర్మాణం

మోటారులో ముఖ్యమైన భాగాలు మూడు.

* స్ప్రింగు డబ్బా: సుమారు ఒక అంగుళం వెడల్పు, కొన్ని మీటర్ల పొడవు గల ఉక్కు పట్టీ ఇందులో చుట్టబడి ఉంటుంది. పట్టీ లోపలి కొన ఇరుసుకు, వెలుపలి కొన డబ్బా గోడకు తగిలించబడతాయి. పెద్ద యంత్రాలలో రెండు లేదా అంతకు మించి స్ప్రింగులు ఉంటాయి.
* పళ్ళచక్రాలు: డబ్బా నెమ్మదిగా తిరిగే వేగాన్ని ఇవి పెంచి, రికార్డు ఉంచే పళ్ళేనికి అందిస్తాయి.
* గవర్నరు: వేగాన్ని అదుపులో ఉంచే భాగం. సన్నని ఉక్కు రేకులకు బిగించిన మూడు బరువులు ఇరుసుతో పాటు తిరుగుతాయి. వేగం పెరిగినపుడు బరువులు బయటికి జరిగి, ఒక బిళ్ళను తోలు లేదా ఉన్ని మెత్తకు ఆనిస్తాయి. ఆ రాపిడి వలన వేగం తగ్గుతుంది.

సాధారణ లోపాలు

* పాట మధ్యలో దబ్బుమని శబ్దం వచ్చి మోటారు అదరడం: గ్రీజు గట్టిపడి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకొని, ఒక్కసారిగా విడిపోవడమే దీనికి కారణం.
* ఎంత కీ ఇచ్చినా బిగుతు రాకపోవడం: స్ప్రింగు విరిగి ఉండవచ్చు, లేదా దాని కొన కొక్కెం నుండి ఊడి ఉండవచ్చు.
* వేగం ఎగుడుదిగుడుగా ఉండడం: గవర్నరు రేకు విరగడం, మెత్త ఎండిపోవడం, ఇరుసు వంగడం.
* భాగాలు ఉబ్బి పగుళ్ళివ్వడం: జింకు మిశ్రమంతో పోత పోసిన కొన్ని భాగాలలో కాలక్రమేణా ఈ లోపం కనబడుతుంది. వీటి మరలను బలవంతంగా తిప్పితే భాగం ముక్కలవుతుంది.

మరమ్మత్తు విధానం

మొదట పళ్ళేన్ని తిరగనిచ్చి, కీ పూర్తిగా దిగిపోయేవరకు ఆగాలి. మోటారు ఇరుక్కొని ఆగిపోతే స్ప్రింగులో బిగువు అలాగే ఉంటుందని గ్రహించాలి. స్ప్రింగు బిగువు మీద ఉండగా గవర్నరును ఎన్నడూ తీయరాదు. అలా తీస్తే చక్రాలు అదుపు లేకుండా తిరిగి పళ్ళు విరిగిపోతాయి. ప్రతి భాగం ఏ దిశలో ఉన్నదో ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది.

కీ దిగిన తరువాత కూడా డబ్బాలోని పట్టీ విచ్చుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. దాన్ని తీసేటప్పుడు దళసరి తోలు తొడుగులు, కంటి అద్దాలు ధరించాలి. లోపలి చుట్టును పట్టకారుతో పట్టుకొని, ఒక్కొక్క చుట్టునే నెమ్మదిగా బయటికి రానివ్వాలి. పాత గ్రీజును కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గ్రాఫైటు కలిపిన గ్రీజు పూయాలి. కిరోసిన్‌తో పనిచేసే చోట మంట ఉండరాదు. తిరిగి చుట్టేటప్పుడు వెలుపలి కొనను ముందుగా డబ్బా కొక్కేనికి తగిలించి, పూర్వపు దిశలోనే చుట్టుకుంటూ రావాలి.

గవర్నరు ఇరుసు కొనలకు, మెత్తకు కుట్టుమిషను నూనె వంటి పలుచని నూనె చాలు. వంటనూనెలు కాలక్రమేణా జిగురుగా మారతాయి కనుక పనికిరావు. పట్టీ కొన వద్ద విరిగితే ఆ చోటును వేడిచేసి మెత్తబరచి, కొత్త రంధ్రం చేయవచ్చు. మధ్యలో విరిగితే అదే వెడల్పు, మందం, పొడవు గల కొత్త పట్టీ వేయాలి.

వేగం సరిచూడడం

రికార్డు క్రింద చిన్న కాగితం ముక్క ఉంచి, ఒక నిమిషంలో అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించాలి. సాధారణంగా 78 చుట్లు రావాలి. సూది రికార్డుపై ఉన్నపుడే లెక్కించాలి, ఎందుకంటే సూది రాపిడి వేగాన్ని కొంత తగ్గిస్తుంది. వేగం సుమారు 6 శాతం తగ్గితే, అనగా 78 నుండి 73.5 చుట్లకు దిగితే, పాట శ్రుతి ఒక స్వరస్థానం క్రిందికి జారుతుంది. కనుక పాత గాయకుల అసలు శ్రుతిని వినగోరేవారికి గవర్నరు మరమ్మత్తు ఎంతో ముఖ్యమైనది. తొలినాటి రికార్డులన్నీ 78 చుట్ల వేగంతో తయారు కాలేదు. వాటికి వేగాన్ని విడిగా నిర్ణయించుకోవాలి.

అసలు, నకలు

భారతదేశంలో పాత చేతిపెట్టెల మోటార్లను కొత్త చెక్కపెట్టెలలో అమర్చి, ఇత్తడి బాకా తగిలించి పురాతన గ్రామఫోన్లుగా అమ్ముతుంటారు. పెట్టె కొత్తదైనా లోపలి మోటారు అసలైనది కావచ్చు. అటువంటి మోటారు కూడా మరమ్మత్తుకు అర్హమైనదే. అసలైన యంత్రాల విషయంలో మాత్రం తీసిన ప్రతి మరను, విరిగిన ప్రతి భాగాన్ని పారవేయక భద్రపరచడం ఉత్తమం. కొత్త భాగం తయారుచేయవలసి వస్తే కొలతలకు, నమూనాకు ఆధారం అవే.

ఇవి కూడా చూడండి

* గ్రామఫోన్
* థామస్ ఆల్వా ఎడిసన్
* గడియారం