ఫిరంగి గొట్టానికి చింతపండు వద్దు

గోల్కొండ బురుజులు ఎక్కి ఫిరంగులు చూసినవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: ఇంత గొప్ప వస్తువులను ఇలా నల్లబడనిచ్చారేమిటి, తళతళలాడేలా తోమించకూడదా అని. ఊరి మీది అభిమానంతోనే అంటారు. కానీ ఈ ఫిరంగులకు ఆ తోముడే పెద్ద చేటు. పెట్ల బురుజు మీది ఫతే రహబర్, మూసా బురుజు మీది అజ్దహా పైకర్ రెండూ మొగలుల ఫిరంగులే. వాటి మీద ఔరంగజేబు బిరుదులు, పోతపోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరు పారసీ అక్షరాల్లో ఉన్నాయి. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట మొగలుల వశమైన కథ పుస్తకాల్లో ఎంతైనా దొరుకుతుంది. ఆ సైన్యపు పనివాడి పేరును మాత్రం ఈ లోహమే మోస్తోంది. గట్టిగా రుద్దిన ప్రతిసారీ అక్షరాల అంచు కొంత అరుగుతుంది, అరిగింది మళ్లీ రాదు.

ఈ విషయంలో పాత ఫిరంగి దళాలవాళ్ల పద్ధతి గమనించదగ్గది. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందు కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అది గొట్టం లోపల మసిగా, ఉప్పుగా పట్టుకుని గాలిలోని తేమను లాగుతుంది. ఆ ఉప్పును నూనె కరిగించలేదు, నీళ్లు కరిగిస్తాయి. అందుకే పొడుగాటి కర్ర చివర గొర్రెతోలు చుట్టి, తడిపి, లోపలంతా తిప్పేవారు. మిగిలిన నిప్పురవ్వ చల్లారకపోతే తర్వాతి మందు దట్టించేవాడి చేతుల్లోనే అంటుకుంటుంది మరి! ఆ రోజు కాల్పులు ముగిశాక బాగా ఆరబెట్టి, అప్పుడు కొవ్వో నూనో పట్టించేవారు. మురికి ఏదో ముందు తెలుసుకుని, దానికి తగిన విరుగుడు ఎంచుకోవడమే వాళ్ల పద్ధతి.

ఇప్పటి మురికి వేరు: దుమ్ము, పావురాల రెట్ట, ఆకులు, మూతిలోంచి దిగి నిలిచిపోయే వాననీరు. మొదట చూడాల్సింది లోపలే. చెత్త తీసి, నీరు జారిపోయే దారి చేసి, గొట్టం పూర్తిగా ఆరేలా చూడాలి. మూతిని గాలి చొరకుండా బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది. పైభాగానికి శుద్ధజలం, క్షారం లేని కొద్దిపాటి సబ్బు, మెత్తటి కుచ్చు చాలు. కంచు మీద గట్టిగా, సమంగా పట్టిన చిలుము లోహానికి కవచం, దాన్ని తీయకూడదు. తుడిచినా మళ్లీ మళ్లీ పొడిలా రాలే లేతపచ్చ చిలుము మాత్రం రోగం. లోహంలోకి దిగిన క్లోరైడు దానికి మూలం. ఇత్తడి బిందెలా చింతపండు, ఉప్పు వేసి తోమితే ఆమ్లం కవచాన్ని తినేస్తుంది, ఉప్పు ఆ రోగాన్నే తెచ్చిపెడుతుంది. ఇనప గొట్టం సంగతి వేరు. రాలే తుప్పును నిదానంగా తీసి, టానిక్ ఆమ్లం పూసి, మైనం పట్టించాలి. ఇనప తీగల బ్రష్షు, ఇసుక విసిరే యంత్రం రెండు లోహాలకూ పనికిరావు.

పోసిన రోజున ఇవి మెరిసేవే కదా అని అడగవచ్చు. మెరిసేవి, నిజమే. అప్పుడవి వాడకంలో ఉన్న ఆయుధాలు. అరిగిపోతే కరిగించి కొత్తవి పోసుకునేవారు. ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో హైదరాబాదులో కట్టించిన తోపుల కార్ఖానా, అదే మన గన్‌ఫౌండ్రీ, అలాంటి పని కోసమే. ఇప్పుడు వీటికి బదులు పోసే కార్ఖానా లేదు. తోమకపోతే అది నిర్లక్ష్యమే కదా అనేవారికి జవాబు పైనే ఉంది: నీరు నిలవకుండా చూడటం, రెట్ట ఎప్పటికప్పుడు కడగటం, మైనం మళ్లీ పట్టించడం మెరుగుపెట్టడం కంటే ఎక్కువ శ్రద్ధ కోరే పనులు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద కోట రక్షిత కట్టడం కాబట్టి ఇవి పురావస్తు శాఖ నిపుణులే చేయాలి. చేసే ముందు ప్రతి అక్షరాన్నీ ఏటవాలు వెలుతురులో ఫొటో తీయించాలని, శుభ్రపరచడానికి ఎంచుకున్న ద్రవ్యాన్ని గొట్టం అడుగున అరచేతి మేర పరీక్షించాలని, ఏం వాడారో రాసి ఉంచాలని ఊరివాళ్లుగా మనం అడగాలి.